మూడు నిమిషాల ప్రసంగానికి ఏ మాట: బాయ్‌కాటా, శాండ్‌విచ్చా?

‘మనిషి పేరు నుంచి పుట్టిన ఇంగ్లీషు మాట’ అని ప్రసంగాంశం ఇస్తే, గుంటూరు బడిపిల్లలకు ముందుగా తట్టేవి ఈ రెండే.

శ్రమ: శాండ్‌విచ్‌కు దాదాపు లేదు. పేకాట బల్ల వదలని ప్రభువు, రొట్టె ముక్కల మధ్య మాంసం, అంతే కథ. బాయ్‌కాట్‌కు మాత్రం ఐర్లండు కౌలు రైతుల గోడు చెప్పాలి. 1880లో మేయో కౌంటీలో చార్లెస్ బాయ్‌కాట్ ఒక భూస్వామికి ఏజెంటు. రైతులు కౌలు 25 శాతం తగ్గించమన్నారు. భూస్వామి 10 శాతం దగ్గరే ఆగాడు. ఏజెంటు ఖాళీ చేయించే నోటీసులు పంపాడు. ఊరంతా అతన్ని వెలివేసింది. కూలీలు రాలేదు, దుకాణాలు సరుకు అమ్మలేదు. బయటి నుంచి 50 మందిని రప్పించి, సైనికుల కాపలాలో పంట తీయించారు. పంట విలువకు ఎన్నో రెట్లు కాపలాకే పోయింది!

రిస్కు: బాయ్‌కాట్‌కు తక్కువ. శాండ్‌విచ్‌తోనే పేచీ. పేకాట కథకు ఆధారం బలహీనం. పైగా ‘శాండ్‌విచ్’ ఆ ప్రభువు పేరు కాదు, బిరుదు; అసలు పేరు జాన్ మాంటేగు. ఆ బిరుదేమో కెంట్‌లోని ఒక ఊరి పేరు. తెలిసిన న్యాయనిర్ణేత ఉంటే మార్కులు గోవిందా.

మన నేలతో సంబంధం: బాయ్‌కాట్‌కు 1921-22లో మన గుంటూరు జిల్లా పెదనందిపాడు రైతులు చేసిన పన్నుల నిరాకరణ ఉద్యమం ఉంది. శాండ్‌విచ్‌కు బేకరీ తప్ప ఏమీ లేదు.

చిన్న తరగతులకు, నవ్వించడమే పని అయితే శాండ్‌విచ్ చాలు. హైస్కూలు పోటీకి, తర్వాత ప్రశ్నలు అడిగే చోటికి బాయ్‌కాట్.