మేనేజ్‌మెంట్ సీటుకు తొందరపడి డబ్బు కట్టకండి: మా అనుభవం

ఇంజనీరింగ్ సీటు కోసం హైదరాబాద్ చుట్టుపక్కల కళాశాలలు తిరుగుతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. 2024 జూన్‌లో, ఎప్‌సెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ మొదలు కాకముందే, అమీర్‌పేటలోని ఒక కన్సల్టెన్సీ ద్వారా ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉన్న ఒక ప్రైవేటు కళాశాలలో మా అబ్బాయికి మేనేజ్‌మెంట్ కోటాలో (యాజమాన్యమే నేరుగా నింపుకునే సీట్లలో) సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీటు మాట్లాడుకున్నాం. "రేపటికి ఈ సీటు ఉండదు సార్" అన్న మాటకు లొంగిపోవడం మేము చేసిన మొదటి పొరపాటు.

ఫీజు ఏడాదికి 1,80,000 రూపాయలన్నారు. అది కాక 'బిల్డింగ్ ఫండ్' పేరుతో 3 లక్షలు నగదుగా తీసుకున్నారు. రసీదు అడిగితే నోటుపుస్తకంలోంచి పావు కాగితం చింపి, బాల్‌పెన్నుతో '3 ముట్టినవి' అని రాసిచ్చారు. దాని మీద పేరు లేదు, తేదీ లేదు, ముద్ర ఊసే లేదు. ఇలా క్యాపిటేషన్ ఫీజు (నిర్ణీత ఫీజుకు పైన సీటు కోసం గుంజే డబ్బు) వసూలు చేయడాన్ని 1983 నాటి చట్టమే నిషేధించిందని తెలిసి కూడా ఇచ్చాను కనుక ఆ తప్పులో నాకూ వాటా ఉంది. కళాశాల లెటర్‌హెడ్ మీద ఉన్న మొత్తానికి మాత్రమే బ్యాంకు రుణం ఇస్తుంది కాబట్టి, ఆ 3 లక్షల కోసం మా ఆవిడ గాజులు కుదువ పెట్టాల్సి వచ్చింది.

ఇక రుణం సంగతి. నాలుగేళ్లకు 7,20,000. ఏడున్నర లక్షల లోపే కాబట్టి ఇల్లు తనఖా పెట్టనక్కర్లేదని సంతోషించామే గానీ, వడ్డీ లెక్క వేసుకోలేదు. ఏటా మొదట్లో 1,80,000 చొప్పున విడుదలై, 11 శాతం బారువడ్డీ నడిస్తే, చదువు ముగిసి మరో ఏడాది గడిచి వాయిదాలు మొదలయ్యే నాటికి వడ్డీయే 2,77,200 అవుతుంది. అక్కడి నుంచి పదేళ్లలో తీర్చాలంటే నెలకు 13,700 పైచిలుకు, మొత్తం మీద దాదాపు 16 లక్షల 48 వేలు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడి జీతంలోంచి ఆ వాయిదా పోతే, గది అద్దెకూ తిండికీ ఎంత మిగులుతుందో ముందే కాగితం మీద వేసుకుని చూడండి. చదువుకునే కాలంలోనే వడ్డీ కడుతూ పోతే చాలా బ్యాంకులు ఒక శాతం తగ్గిస్తాయి. మేమిప్పుడు చేస్తున్నది అదే.

అసలు దెబ్బ ఆగస్టులో తగిలింది. తుది విడత కౌన్సెలింగ్‌లో అబ్బాయికి వేరే కళాశాలలో కన్వీనర్ కోటాలో (కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో) ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) సీటు వచ్చింది. ఫీజు తక్కువ, పైగా ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటుంది. మేనేజ్‌మెంట్ కోటాకు అది వర్తించదు. కానీ 'వెరిఫికేషన్ కోసం' అంటూ జులైలోనే ఇంటర్ మెమో, టీసీ ఒరిజినల్స్ తీసుకుని ఉన్న కళాశాలవారు, మిగిలిన మూడేళ్ల ఫీజు కడితేనే తిరిగిస్తామన్నారు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని, గడువులోగా సీటు వదులుకుంటే గరిష్ఠంగా 1,000 రూపాయలు మినహాయించి మిగతా ఫీజు వాపసు ఇవ్వాలని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధన ఉంది. ఆ సంగతి నాకు తెలిసేసరికి కొత్త కళాశాలలో రిపోర్ట్ చేసి చేరాల్సిన గడువు దాటిపోయి, ఆ సీటు చేజారింది.

కాబట్టి కౌన్సెలింగ్ చివరి విడత ముగిసేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. బస్సు, పరీక్ష, ల్యాబ్ ఫీజులతో సహా నాలుగేళ్ల మొత్తాన్ని లెటర్‌హెడ్ మీద రాసిమ్మని అడగండి. నసిగితే లేచి వచ్చేయండి. ఒరిజినల్స్ చూపించి, జిరాక్స్ ప్రతులు ఇచ్చి, అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి.

కళాశాల పేరు చెప్పమని చాలామంది అడుగుతున్నారు. అబ్బాయి చదువు ఇంకా పూర్తి కాలేదు, ఇంటర్నల్ మార్కులు వాళ్ల చేతిలోనే ఉన్నాయి.