హ్యామాక్ గుడ్డ బాగుంది, రిడ్జ్‌లైన్ మాత్రం మార్చుకోవాలి

గత కార్తిక మాసం నుంచి ఎనిమిది నెలలుగా ఈ క్యాంపింగ్ హ్యామాక్‌ను, అంటే రెండు చెట్ల మధ్య కట్టుకుని పడుకునే గుడ్డ ఉయ్యాలను, కోనసీమలోని మా కొబ్బరి తోటలో వాడుతున్నాను. 330 సెంటీమీటర్ల పొడవున్న నైలాన్ గుడ్డ, చెట్లకు చుట్టడానికి 25 మిల్లీమీటర్ల వెడల్పున్న రెండు పాలిస్టర్ పట్టీలు, దోమతెర, గుడ్డ రెండు కొసలనూ పైనుంచి కలిపే సన్నని నైలాన్ తాడు ఒకే సంచిలో వచ్చాయి. ఆ సన్నని తాడునే రిడ్జ్‌లైన్ అంటారు. గుడ్డ నాణ్యతలోగాని, కుట్టులోగాని, దోమతెర జిప్పులోగాని నాకు ఏ లోపమూ కనిపించలేదు. ఈ సమీక్ష రాస్తున్నది ఆ తాడు గురించే.

కొన్న మూడో రాత్రే అది తెగింది. నేను పక్కకు ఒత్తిగిలగానే తెగిన కొస చెంపకు చెళ్లున తగిలింది, ఉయ్యాల అడుగు పైగా కిందికి జారి నడుము నేలను తాకింది. టార్చి వేసి చూస్తే తాడు మధ్యలో ఎక్కడా కాక, ముడి లోపలికి వెళ్లే చోట తెగి ఉంది. అక్కడి పోగులు కరిగి గట్టిపడినట్టు మెరుస్తున్నాయి. సంచిపై ‘200 కేజీలు’ అని ముద్రించి ఉంది కదా అని తయారీదారులకు రాస్తే, ఆ అంకె గుడ్డకు, పట్టీలకే వర్తిస్తుందని జవాబు వచ్చింది. ఆ మాట సంచి మీదే రాసి ఉండాల్సింది.

అయితే తప్పు తాడుది మాత్రమే కాదని తరువాత లెక్క వేసుకున్నాక తెలిసింది. రిడ్జ్‌లైన్ పని మనిషి బరువును మోయడం కాదు, గుడ్డ రెండు కొసల మధ్య దూరాన్ని ఎప్పుడూ ఒకేలా నిలిపి ఉంచడం. ఆ దూరం గుడ్డ పొడవులో సుమారు 83 శాతం ఉంటే, అంటే మా గుడ్డకు 274 సెంటీమీటర్లయితే, ఏ చెట్లకు కట్టినా వంపు మారదు, ఏటవాలుగా పడుకుంటే వెన్ను దాదాపు సమంగా ఉంటుంది. పట్టీలు నేలమట్టానికి 30 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు 70 కేజీల మనిషికి ఒక్కొక్క పట్టీపై పడే లాగుడు 70 కేజీలే. రిడ్జ్‌లైన్‌పై పడేది సుమారు పది కేజీలకు మించదు. అదే పట్టీలను బిగించి వాలును 10 డిగ్రీలకు తెస్తే పట్టీపై 200 కేజీలు, రిడ్జ్‌లైన్‌పై సుమారు 145 కేజీలు పడతాయి. 5 డిగ్రీలకు వస్తే పట్టీపై 400, రిడ్జ్‌లైన్‌పై 350 కేజీల వరకూ చేరుతుంది. ఎంత బిగిస్తే అంత భద్రమని మనం నులక మంచానికి అలవాటుపడిన చేతులతో అనుకుంటాం, కాని ఇక్కడ బిగువే ప్రమాదం.

మన డెల్టాలో ఈ పొరపాటు జరగడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. కొబ్బరి చెట్ల మధ్య దూరం సాధారణంగా ఏడున్నర నుంచి ఎనిమిది మీటర్లు. కూర్చునే చోటు నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచుతూ, 30 డిగ్రీల వాలు రావాలంటే ఎనిమిది మీటర్ల ఎడంలో పట్టీని దాదాపు 2.9 మీటర్ల ఎత్తున చుట్టాలి. అది నిచ్చెన లేకుండా అందే ఎత్తు కాదు. అందువల్ల అందరమూ తల ఎత్తున చుట్టి, ఉయ్యాల నేలకు తగలకుండా లాగి బిగిస్తాం. నేను చేసిందీ అదే, అప్పటి వాలు ఏడు డిగ్రీలకు మించి ఉండదు. ఇప్పుడు పెరట్లో నాలుగున్నర మీటర్ల ఎడంలో ఉన్న మామిడికి, పనసకు కడుతున్నాను, అక్కడ 1.9 మీటర్ల ఎత్తు సరిపోతోంది. వాలు కొలవడానికి పరికరమేదీ అక్కర్లేదు: పట్టీ వెంట రెండు మూరలు పైకి పోతే ఎత్తు ఒక మూర పెరగాలి.

కొబ్బరి చెట్టు కింద కట్టకపోవడానికి అంతకంటే పెద్ద కారణం పైనే ఉంది. ఎండిన మట్టగాని, పండిన కాయగాని ఎప్పుడు రాలుతుందో చెట్టెక్కి కాయలు దింపేవారికి కూడా తెలియదు. మానుకు రంధ్రాలు పడి ఎర్రటి జిగురు కారుతుంటే ఎర్ర ముక్కు పురుగు లోపల తొలుస్తున్నట్టే. అలాంటి చెట్టుకు పక్క నుంచి లాగుడు పెట్టకూడదు.

పాత తాడు ముక్కను అంతర్వేది పల్లిపాలెంలో వేట పడవల తాళ్లు చూసే ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన కొసను వేళ్ల మధ్య నలిపి, “ముడి పడ్డ చోటే తెగుద్ది బాబూ, తాడుని తాడులోకే దూర్చాలి” అన్నారు. ఆ మాట ప్రకారం లోపల బోలుగా అల్లిన 2.8 మిల్లీమీటర్ల డైనీమా (చాలా బలమైన కృత్రిమ పీచు) తాడు తెప్పించుకున్నాను. కొత్తగా ఉన్నప్పుడు అది తెగే బరువు సుమారు 700 కేజీలు. ముడి వేస్తే ఆ బలంలో సగం కూడా మిగలకపోవచ్చు, పైగా నున్నటి తాడు కావడంతో ముడి జారుతుంది. కొసను తాడు కడుపులోకే దూర్చి కన్ను (కొసన చిన్న వలయం) చేస్తే బలంలో చాలా భాగం నిలుస్తుంది. నైలాన్‌లా ఇది తడిస్తే సాగదు. కాని సుమారు 150 డిగ్రీల వేడికే కరిగిపోతుంది గనుక దోమల కాయిల్‌ను దాని దరిదాపుల్లో పెట్టకండి.

పడుకున్నాక చేయి చాచి రిడ్జ్‌లైన్‌ను రెండు వేళ్లతో నొక్కి చూడండి. కొద్దిగా వంగితే సరే; వీణ తీగలా మోగితే వెంటనే దిగి పట్టీలు వదులు చేయండి. దానికి కళ్లద్దాలు, చిన్న టార్చి, దోమతెర తగిలించవచ్చు. లేచేటప్పుడు పట్టుకుని వేలాడకూడదు, పిల్లలను అసలే వేలాడనివ్వకూడదు. వానకు కప్పే టార్పాలిన్‌కు చెట్టు నుంచి చెట్టుకు వేరే తాడు కట్టుకోవాలి.

రెండు వేల రూపాయల లోపు ధరకు ఈ గుడ్డ, పట్టీలు, దోమతెర న్యాయమైన బేరమే. సంచిలో వచ్చే రిడ్జ్‌లైన్‌ను మాత్రం మొదటి రోజే తీసేసి, మరికొన్ని వందలు పెట్టి మంచిది వేసుకోగలవారికే దీన్ని కొనమని చెబుతాను.