పగిలిన ఫోన్ బాగు చేయించి మూడేళ్లు వాడాను

2022 సెప్టెంబర్‌లో దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ చేతిలోంచి జారి, మూడు మెట్లు దొర్లి బోర్లా పడింది. తీసి చూస్తే ఒక మూల నుంచి సాలెగూడులా పగుళ్లు, కింది సగమంతా సిరా ఒలికినట్టు నలుపు. 18,500 పెట్టి కొన్న ఫోన్, కొని ఏడాదిన్నరే అయింది.

ఇంట్లోనూ ఆఫీసులోనూ ఒకటే మాట: "ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంది కదా." సర్వీస్ సెంటర్‌లో డిస్‌ప్లేకి 8,200 చెప్పారు. మరో పదివేలు కలపడం నాకు "ఇంకాస్త"లా అనిపించలేదు. పైగా ఫోన్ మోగుతోంది, చార్జింగ్ ఎక్కుతోంది. పోయింది డిస్‌ప్లే ఒక్కటే. మూడేళ్ల తర్వాత కూడా నేను ముందు చూడమనేది ఇదే: పోయిన భాగం ఏది? డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పోర్ట్ విడిగా మారతాయి. మదర్‌బోర్డు, అంటే ఫోన్‌ని నడిపించే ప్రధాన బోర్డు పోతే లెక్క వేరు.

ఆబిడ్స్‌లో సెల్‌ఫోన్ రిపేర్ కొట్లుండే జగదీశ్ మార్కెట్‌కి వెళ్లాను. ఒక కొట్టు కుర్రాడు రెండు రేట్లు చెప్పాడు. కాపీ 2,300, పాడైన వేరే ఫోన్ నుంచి తీసిన ఒరిజినల్ 4,600. "అన్నా, నీ ఫోన్‌కి ఫింగర్‌ప్రింట్ స్క్రీన్ కిందనే ఉంది. కాపీ వేస్తే అది పని చెయ్యదు" అని అడక్కుండానే చెప్పాడు. అది నిజం. ఇలాంటి ఫోన్లలో సెన్సర్ ఓలెడ్ స్క్రీన్ (వెనక లైటు లేకుండా తనే వెలిగే రకం) గుండా వేలిని చూస్తుంది. చౌక కాపీలు ఎక్కువగా ఎల్‌సీడీవి, వాటి వెనకుండే లైటు పొర సెన్సర్‌కి అడ్డం పడుతుంది. ఒరిజినలే వేయమన్నాను.

ఎదురుగా కూర్చుని పనంతా చూశాను. ఫోన్‌ని వేడి ప్లేట్ మీద కాసేపు ఉంచి, అంచులో పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, మెల్లగా చుట్టూ తిప్పాడు. అతికించక ముందే కొత్త డిస్‌ప్లే కనెక్టర్ తగిలించి నా చేతికిచ్చాడు. ఒక యాప్ గుర్తుని వేలితో పట్టుకుని స్క్రీన్ మూలమూలకీ లాగి చూడమన్నాడు. ఎక్కడైనా జారిపోతే అక్కడ టచ్ లేనట్టు. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి తెల్లటి బొమ్మ మీద మచ్చలున్నాయేమో చూశాం. ఎవరు చేయించుకున్నా ఈ రెండూ అతికించక ముందే చూసుకోవాలి. జిగురు పెట్టి క్లిప్పులు బిగించాక మళ్లీ విప్పమంటే ఎవరికైనా కష్టమే. ఒక నష్టం మాత్రం ఒప్పుకోవాలి. ఒకసారి తెరిచిన ఫోన్‌లో నీటిని ఆపే సీల్ మునుపటిలా ఉండదు. అందుకే వానాకాలమంతా బండి మీద వెళ్లేటప్పుడు ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకునేవాణ్ణి.

ఇంకో సంగతి. స్క్రీన్ కనిపిస్తూ టచ్ మాత్రమే పోతే చాలా ఫోన్లకి ఓటీజీ అనే చిన్న అడాప్టర్ పెట్టి కంప్యూటర్‌కి వాడే మామూలు మౌస్ తగిలించొచ్చు. బాణం గుర్తు వస్తుంది, దాంతో లాక్ తీసి ఫొటోలు కాపీ చేసుకోవచ్చు. నా ఫోన్ కింది సగం నల్లబడటంతో నాకు ఆ వీల్లేకపోయింది. పాప పుట్టినప్పటి వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి, ఆ రెండు రోజులు పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే లాక్ తీస్తే తప్ప చదవలేని కోడ్‌లా ఉంటుంది కాబట్టి మామూలు రిపేర్ కొట్లలో లాక్ తీయకుండా డేటా బయటికి తీసివ్వలేరు. కొత్త ఫోన్ కొనే ఆలోచన ఉన్నా, పాతదానిలో ఇంకెక్కడా కాపీ లేని డేటా ఉంటే చాలాసార్లు డిస్‌ప్లే వేయించక తప్పదు.

2024 మే నెలలో వెనక ప్యానెల్ అంచు పైకి లేచింది. బ్యాటరీ ఉబ్బింది. ఎండల్లో బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి మ్యాప్ చూస్తూ తిరిగాను. లిథియం బ్యాటరీకి వేడి పడదు. ఉబ్బిన బ్యాటరీతో ఒక్క రోజు కూడా వాడకండి, చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి. అది మంటలు లేపగలదు. సర్వీస్ సెంటర్‌లోనే కొత్తది వేయించాను, 1,900 అయింది. చౌక బ్యాటరీతో ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు.

2025 ఆగస్టులో తనంతట తనే ఆగి మళ్లీ ఆన్ అవడం మొదలైంది. బోర్డు పని, 3,500 అవుతుంది, గ్యారంటీ ఇవ్వలేమన్నారు. అప్పటికే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయి ఏడాదిన్నర దాటింది, నా బ్యాంకు యాప్‌లన్నీ అందులోనే. ఇక వద్దనుకున్నాను. రిపేర్లకి మొత్తం 6,500 పెట్టి దాదాపు మూడేళ్లు వాడాను, ఆ డబ్బుకి నాకు ఏ బాధా లేదు.

ఈసారి ఎంచుకునేటప్పుడు అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది మొదట చూశాను. 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో శాంసంగ్ గెలాక్సీ ఎస్24కి ఏడేళ్లు ప్రకటించారు. నాకు అంత ఖరీదైనది అక్కర్లేదు గానీ, తక్కువ ధరలోనూ ఆరేళ్లిచ్చేవి దొరుకుతున్నాయి. డబ్బు కట్టే ముందు మళ్లీ జగదీశ్ మార్కెట్‌లో అదే కొట్టుకి వెళ్లాను. ఆ మోడల్ ఒరిజినల్ డిస్‌ప్లే దొరుకుతుందా, ఎంతవుతుంది అని అడిగాను. డబ్బా తెరిచి చూపించాడు. ఆ సాయంత్రమే ఫోన్ కొన్నాను.