అనంతపురంలో స్టాండప్ కామెడీ: చాలాకాలంగా చూస్తున్న ప్రేక్షకుడి సమీక్ష

అనంతపురం సప్తగిరి సర్కిల్‌కు కాస్త దూరంలో, ఒక కాఫీ షాపు మేడమీద వారాంతాల్లో జరిగే స్టాండప్ కామెడీకి (ఒక్కరే మైకు ముందు నిలబడి మాటలతో నవ్వించే కార్యక్రమానికి) నేను చాలాకాలంగా వెళ్తున్నాను. పేరున్న కమెడియన్లను చూడాలంటే బెంగళూరుకో, హైదరాబాదుకో పోవలసిందే కానీ, మన యాసలో, మన బతుకులోంచి పుట్టిన హాస్యాన్ని వినాలంటే మాత్రం ఈ మేడ ఎక్కడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ రెండు రకాల కార్యక్రమాలు జరుగుతాయి. బయటి ఊరి నుంచి వచ్చిన కమెడియన్ గంటసేపు ఒక్కడే మాట్లాడే టికెట్ షో ఒకటి. ముందుగా పేరు ఇచ్చుకున్న వాళ్ళందరికీ తలా ఐదు నిమిషాలు ఇచ్చే ఓపెన్ మైక్ రెండోది. సమయం ముగియవస్తున్నదని గుర్తుచేయడానికి గది చివర నిలబడిన కుర్రాడు ఫోన్ లైటు వెలిగిస్తాడు. టికెట్ షోకు ఖర్చు ఎక్కువ, జనం ఎక్కువ. అయినా నా ఓటు ఓపెన్ మైక్‌కే. అక్కడ సగం మంది తడబడతారన్నది నిజమే. కానీ ఒకే మనిషిని, ఒకే జోకును నెలల తరబడి వింటే అది ఎలా పదునెక్కుతుందో కళ్ళారా చూడవచ్చు.

ధర్మవరం పక్క పల్లె నుంచి వచ్చే ఒక కుర్రాడు తమ చేలో బోరు వేయించిన సంగతి చెబుతాడు. మొదటిసారి విన్నప్పుడు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిస్తే నీళ్ళున్న చోట కాయ నిలువుగా లేస్తుందన్న నమ్మకాన్ని వివరించడానికే అతనికి రెండు నిమిషాలు పట్టింది, ఎవరూ నవ్వలేదు. తర్వాత తర్వాత ఆ వివరణ మొత్తం తీసేశాడు. అనంతపురంలో ఆ సంగతి ఎవరికి తెలియదు గనుక? ఇప్పుడు మాటేమీ లేకుండా మైకు స్టాండును పక్కకు జరిపి, అరచేయి చాచి, కళ్ళు సగం మూసి, నీళ్ళు చూసే పెద్దాయన నడకతో వేదిక ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు, అంతే, గది గదంతా కదిలిపోతుంది. ఆ పైన, “యాడ లేసినా గట్టుకవతలే లేస్తాంది సూడప్పా, కాయ గూడా వాళ్ళ పార్టీనే ఉన్నట్టుండాది” అంటాడు. ఒకసారి ముందు వరుసలో కూర్చున్న ఒక రైతు నవ్వు ఆపుకోలేక, “మాది ఎనిమిదొందల అడుగులప్పా, దుమ్మే వచ్చె” అని గట్టిగా అన్నాడు. కుర్రాడు తాను రాసుకున్న మాట వదిలేసి, వేదిక అంచున కూర్చుని ఆయనతో ముచ్చట పెట్టాడు. నాకు తెలిసి ఆ గదిలో అంతకన్నా మంచి ఐదు నిమిషాలు గడవలేదు.

ఇలా చూసేవాళ్ళను ఆటలోకి లాగడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో రామాయణ కథ సాగుతుండగా మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి ఊళ్ళో విషయాలు ఎత్తుకుని నవ్వించేవారు. 2022లో జిల్లాల విభజన తర్వాత శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్ళిన నిమ్మలకుంట ఈ కళకు పెట్టింది పేరు; ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. కేతిగాడి మాటల్లో మోటుదనానికి కొదవ లేదు కాబట్టి, స్టాండప్‌లో బూతు దొర్లిందని నేను నొచ్చుకోను. అయితే ముందు వరుసలోని ఆడపిల్ల రంగునో, ఒళ్ళునో పట్టుకుని నవ్వించబోవడం మాత్రం నాకు ఏమాత్రం నచ్చదు. అలాంటప్పుడు నిర్వాహకులు ఆ వ్యక్తిని మళ్ళీ వేదిక ఎక్కించకూడదు.

టికెట్ షోలలో నన్ను ఎక్కువగా నిరాశపరిచేది రాయలసీమ పేరు ఎత్తగానే సుమోలు, బాంబులు, తొడ కొట్టడం దగ్గరే ఆగిపోయే హాస్యం. సినిమాల్లో అరిగిపోయిన ఆ సరుకును ఇక్కడికే తెచ్చి మనకే వడ్డిస్తే మర్యాదకు ఒక నవ్వు వస్తుంది, రెండో నవ్వు రాదు. మెట్రో రైలు మీద, అపార్ట్‌మెంట్ లిఫ్టు మీద రాసుకున్న జోకులదీ అదే గతి. వచ్చిన రోజు సాయంత్రం ఊళ్ళో తిరిగి, ఓళిగలు (బొబ్బట్లు) తిని, ఎండ గురించి నలుగురితో మాట్లాడి వేదిక ఎక్కిన వాళ్ళ షో మాత్రం బాగా నడిచింది.

గది చిన్నది, పైకప్పు తక్కువ ఎత్తు, కుర్చీలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. వేసవిలో ఉక్కపోత తప్పదు గానీ, ఒకరి నవ్వు పక్కవారికి వెంటనే అంటుకోవడానికి ఆ ఇరుకే కారణం. స్పీకరుకు దగ్గరగా కూర్చుంటే కీచుమనే శబ్దం చెవులను బాధిస్తుంది కనుక రెండో వరుస మధ్యలో కూర్చోవడం మంచిది. ఇక ఏడు గంటలకు మొదలుపెడతామని చెప్పి ఎనిమిదికి మొదలుపెట్టడం, అందరికన్నా బాగా చెప్పేవారిని చివర్లో పిలవడం వల్ల గుత్తి, ధర్మవరం బస్సులు అందుకోవలసిన వారు అసలైన ఐదు నిమిషాలు చూడకుండానే లేచిపోతున్నారు. బోరు కథ చెప్పే కుర్రాడిది కూడా ఆ ధర్మవరం బస్సే. దూరం నుంచి వచ్చేవారి పేర్లు ముందు పిలవాలని, వరుసను తలుపు దగ్గరే రాసిపెట్టాలని నిర్వాహకులను కోరుతున్నాను.