ఆటోమేటిక్ బెల్ట్ టెన్షనర్: ఏళ్ల తరబడి వాడాక

ఇంజిన్ ముందువైపు బెల్టు మీద తిరిగే సామాన్లలో నాకు బాగా నచ్చింది ఏదంటే, బెల్టును తనంతట తానే బిగువుగా ఉంచే ఆటోమేటిక్ టెన్షనర్ అనే చెబుతాను. అంతకుముందు నడిపిన కారులో అది లేదు. డైనమో (ఆల్టర్నేటర్) బోల్టు వదులు చేసి, కడ్డీతో ఎడంగా లాగిపట్టి, మళ్లీ బిగించాల్సి వచ్చేది. కాస్త వదులుగా ఉంటే ఏసీ వేయగానే కీచుమనేది. ఎక్కువ బిగిస్తే ఆ భారమంతా డైనమో, వాటర్ పంప్ బేరింగుల మీద పడేది. ఎంత బిగించాలన్నది చేతి అంచనాయే.

ఇప్పటి డీజిల్ కారులో ఆ బాధ లేదు. లోపల స్ప్రింగు ఉన్న ఒక చేయి బెల్టును నొక్కిపెట్టి ఉంచుతుంది. బెల్టు కాస్త సాగినా, అరిగినా అదే సర్దుకుంటుంది. చాలా ఏళ్లు బోనెట్ కింద చెయ్యి పెట్టే అవసరమే రాలేదు. వానలో, చలిపొద్దున, లైట్లూ ఏసీ కలిపి వేసినప్పుడు కూడా చిన్న కీచు లేదు. అది నాకెంత హాయిగా ఉండేదో పాత కారు నడిపినవాళ్లకే తెలుస్తుంది.

తర్వాత ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, పిచ్చుక అరిచినట్టు కిచ్ కిచ్‌మనడం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఆగిపోయేది, వదిలితే మళ్లీ వచ్చేది. సర్వీసులో బెల్టు మార్చారు. పోయింది. కొన్ని వారాలకు మళ్లీ అదే శబ్దం, కొత్త బెల్టు మీద! బెల్టు మీద కొట్టే స్ప్రే వాడమని సలహా ఇచ్చారు, నేను ఒప్పుకోలేదు. అది శబ్దాన్ని కొన్నాళ్లు దాచిపెడుతుందంతే. పైగా ఆ జిగురుకి దుమ్ము పట్టి గాడులన్నీ నిండిపోతాయి. ఇప్పటికీ ఎవరైనా ఆ డబ్బా చేతిలోకి తీసుకుంటే వద్దనే అంటాను.

నాకు దారి చూపించింది మామూలు నీళ్ల స్ప్రే సీసా. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా, చేతులూ దుస్తులూ దూరంగా ఉంచి, బెల్టుకు గీతలున్న వైపు కొంచెం నీళ్లు చల్లాలి. శబ్దం ఆగిపోయి కాసేపటికి మళ్లీ వస్తే పుల్లీలు (బెల్టు చుట్టుకుని తిరిగే చక్రాలు) ఒకే వరుసలో లేనట్టు. నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బిగింపు చాలక బెల్టు జారుతున్నట్టు. నా కారులో శబ్దం ఠక్కున ఆగింది, బెల్టు ఆరగానే తిరిగొచ్చింది. అంటే బెల్టుది తప్పు కాదు, ఏదో ఒక పుల్లీ పక్కకు వాలింది.

ఇంజిన్ ఆపి టార్చి వేసి చూస్తే టెన్షనర్ చేయి తిరిగే కీలు దగ్గర ఎర్రటి తుప్పు పొడి గీతలా కారి ఉంది. కొత్త బెల్టుకి ఒక అంచున మాత్రం దారం పోగులు లేచాయి. టెన్షనర్ పుల్లీ మీద బెల్టు మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగి నడుస్తోంది. స్పానర్ వేసి చేయిని కదిలిస్తే ఒకే తీరుగా జరగాలి, వదిలితే గట్టిగా వెనక్కి రావాలి. ఇది మధ్యలో పట్టేసి, కుదుపుతో వచ్చింది. లోపలి బుష్ అరిగి చేయి వంగింది, దానితోపాటు పుల్లీ కూడా. కొత్త టెన్షనర్ వేయించగానే కిచకిచ పోయింది.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాతిది. కొత్త టెన్షనర్ చేయి కూడా ఐడ్లింగ్‌లో దడదడా కొట్టుకుంటోంది. కొద్దిగా కదలడం మామూలే, ఇది అంతకు మించి ఉంది. అనుభవమున్న ఒక మెకానిక్ బెల్టు తీసి డైనమో పుల్లీ పట్టుకున్నాడు. అది క్లచ్ పుల్లీ. ఒక వైపు తిప్పితే డైనమో లోపల తిరిగే భాగం, రోటర్, కూడా తిరగాలి, రెండో వైపు తిప్పితే రోటర్‌ను వదిలేసి పుల్లీ ఒక్కటే తిరగాలి. నా దాంట్లో రెండు వైపులా రోటర్ కదిలింది. క్లచ్ పట్టేసింది. డీజిల్ ఇంజిన్‌లో సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) వేగం కాస్త పెరిగి తగ్గుతుంది. బరువైన రోటర్‌కి ఆ కుదుపు తగలకుండా చూసేది ఈ పుల్లీయే. అది పట్టేస్తే దెబ్బలన్నీ బెల్టుకి, బెల్టు నుంచి టెన్షనర్‌కి. పాత టెన్షనర్ ఎందుకు పోయిందో అప్పుడు అర్థమైంది. పుల్లీ మార్చాక చేయి దాదాపు నిలకడగా ఉంది.

అందుకని మొదట చెప్పినదానికి కొంచెం సవరణ. టెన్షనర్ బిగించే పని తప్పిస్తుంది, నిజమే. దాన్ని గమనించే పని మాత్రం మిగిలే ఉంటుంది. అన్నేళ్లు నిశ్శబ్దంగా ఉండటానికి అప్పట్లో నా ప్రయాణాలు ఎక్కువగా హైవే మీద సాగడం కూడా కారణమై ఉండాలి. ఇప్పుడు ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడటమే ఎక్కువ. కొత్తరకం ఈపీడీఎం రబ్బరు బెల్టు పాత నియోప్రీన్ రబ్బరు బెల్టులా పగుళ్లు చూపించదు, గాడుల్లో నెమ్మదిగా అరిగిపోతుంది, పైకి కొత్తదానిలానే కనిపిస్తుంది. అందుకే నేను అప్పుడప్పుడు బోనెట్ ఎత్తి చేయి ఊపునూ, బెల్టు అంచులనూ చూస్తుంటాను. కూలెంటో ఆయిలో కారిన మరక కనిపిస్తే ముందు అది ఎక్కణ్నుంచి వస్తోందో వెతుకుతాను, ఎందుకంటే తడిసిన బెల్టు మార్చినా ఆ కారుడు కొత్తదాన్నీ పాడుచేస్తుంది.

నా కారు ఇంజిన్ పక్కన చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది కాబట్టి ఇవన్నీ వీలయ్యాయి. చక్రం విప్పితేగానీ బెల్టు కనపడని బండ్లలో ఇది సర్వీసు వాళ్లకు వదిలేయడమే నయం. వారంటీలో ఉన్నవాటికీ, రోజూ హైవే మీద తిరిగేవాటికీ బెల్టుతోపాటు టెన్షనర్ మార్చడం తొందరేమో. నా బండికి మాత్రం ఈసారి బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ (బెల్టుకు దారి చూపే ఉత్త పుల్లీ) మూడూ ఒకేసారి వేయిస్తాను, డైనమో పుల్లీని కూడా అప్పుడే తిప్పి చూడమంటాను.