నుంద్‌కోల్‌లో గాలం వేయాలంటే ఒక్క రాత్రి చాలదు

మా బావది కైకలూరు. కొల్లేటి పక్కన పుట్టి, గాలంతో పెరిగిన మనిషి. కాశ్మీరు కొండల మీద నుంద్‌కోల్ అని ఒక చెరువుంది, అక్కడ ట్రౌట్ చేపలుంటాయి, కొండెక్కి వెళ్ళి పట్టాలి అని చెబితే, "లారీలకి లారీలు చేపలు ఎత్తే ఊరు నాది. చేప కోసం కొండెక్కడమేంట్రా?" అన్నాడు. అన్నాడే గానీ నాకంటే ముందు టికెట్ తీసింది ఆయనే. 2023 ఆగస్టు చివరి వారంలో హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌లో దిగాం.

మొదటి దెబ్బ అక్కడే తగిలింది. చేపల పర్మిట్ మా పూచీ అని డబ్బు తీసుకున్న ఏజెంటు చేతులెత్తేశాడు. మేం దిగింది శనివారం సాయంత్రం. మరునాడు ఆఫీసుకి సెలవు. అలా ఒక రోజు ఊరికే పోయింది. సోమవారం మత్స్యశాఖ ఆఫీసుకి మేమే వెళ్ళి కాగితం తీసుకుంటే గంటలో పని అయిపోయింది. కాబట్టి పర్మిట్ ఎవరికీ అప్పగించకండి, వారం మధ్యలో దిగండి. పర్మిట్ మీద ఏ నీటిలో, ఏ తేదీన పట్టాలో రాసి ఉంటుంది. రోజుకి మనిషికి ఆరు చేపలు దాటకూడదు. వానపాము పెట్టకూడదు, ఈకలు, దారాలు చుట్టి పురుగులా చేసిన ఎర మాత్రమే వాడాలి. అది విని బావ, "ఈకకి పడేది చేపేనా?" అన్నాడు.

ఆ రెండు రాత్రులూ హౌస్‌బోట్‌లో ఉన్నాం. మొదటి రాత్రి దాల్ సరస్సులో, రోడ్డు వైపు. హారన్లు, శికారా పడవల్లో వచ్చి శాలువాలు కొనమనే వాళ్ళు. రెండో రాత్రి పక్కనే ఉన్న నిగీన్ సరస్సుకి మారాం. నిద్ర పట్టింది. అదే ధర, అదే కాఫీ, కాబట్టి నేరుగా నిగీన్‌కే వెళ్ళండి. ఇంకో మాట: మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయలేదు. బావ ఫోను వారమంతా టార్చిలైటుగా పనికొచ్చింది.

శ్రీనగర్ నుంచి సోనామార్గ్ రోడ్డులో కంగన్ వరకు వెళ్ళి, ఎడమకి వాంగత్ లోయలోకి తిరిగితే నారానాగ్, నడక మొదలయ్యే ఊరు. మొత్తం 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎనిమిదో శతాబ్దంలో లలితాదిత్యుడి కాలం నాటి రాతి గుళ్ళు, వాటి పక్కన ఊట నీళ్ళ కోనేరు ఉన్నాయి. గుళ్ళు శిథిలమైనా కోనేటి రాళ్ళు ఇంకా కదల్లేదు. మేమున్న గది చిన్నదే, పరుపులు మందంగా ఉన్నాయి. రాత్రి అన్నం, రాజ్మా, హాక్ అనే ఆకుకూర పెట్టారు. ఆ కూరలో బావ ఇంటి నుంచి తెచ్చిన మాగాయ కలుపుకుంటే ఇంటివాళ్ళ పిల్లలు చుట్టూ చేరారు. ఒక పిల్లాడు నాకి చూసి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా మళ్ళీ చెయ్యి చాపాడు.

నడక గురించి దాచడం అనవసరం. నారానాగ్ 2,100 మీటర్ల ఎత్తు, పైన ఉన్న రెండు చెరువులు, నుంద్‌కోల్, దాని పైన గంగాబల్, 3,500 మీటర్లు. అలిపిరి మెట్లు రెండుసార్లు ఎక్కినంత ఎత్తు, అదీ గాలి పలచబడుతుండగా. మొదటి మూడు గంటలు పైన్ చెట్ల మధ్య నిట్టనిలువు. ఆ పైన బయళ్ళు, పశువులు కాసే గుజ్జర్ల మట్టి కప్పు ఇళ్ళు, గొర్రెల మందలు. దారిలో సైనికుల తనిఖీ ఉంటుంది, ఆధార్ అసలు కార్డు చేతిలో పెట్టుకోండి. సామానుకి గుర్రం మాట్లాడుకోవడం మంచిది. మాకు రోజుకి 1,500 పడింది. మా గుర్రపాయనే వంట కూడా చేశాడు, అతనికిచ్చిన ప్రతి రూపాయికీ న్యాయం జరిగింది. ఏజెంటు ఇచ్చిన స్లీపింగ్ బ్యాగు జిప్పు మాత్రం మొదటి రాత్రే ఊడింది. స్వెటర్లన్నీ వేసుకుని పడుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. మాకు అమ్మిన ప్యాకేజీలో పైన ఒక్క రాత్రే ఉంది. సాయంత్రం చేరడం, పొద్దున్నే గంగాబల్ చూసి దిగిపోవడం. ఫోటోలకి అది చాలు. కానీ ట్రౌట్ తెల్లవారుజామున, చీకటి పడే ముందు మేతకి వస్తుంది. చేరిన సాయంత్రం కాళ్ళు ఆడవు. మరునాడు టీ తాగి, సామాను సర్ది బయల్దేరేసరికి ఎండ ఎక్కి, హర్ముఖ్ కొండ వైపు నుంచి గాలి లేచి నీళ్ళంతా ముడతలు పడుతుంది. అంటే చేపలు పడే గంటల్లో మనం పడుకుని ఉంటాం, పడని గంటల్లో గాలం వేస్తాం. పది గంటలకి బావ విసిరిన ఎర వెనక్కొచ్చి ఆయన జాకెట్‌కే తగులుకున్నాక, ఇంకో రాత్రి ఉండిపోదాం అనుకున్నాం. గుర్రపాయనతో మాట్లాడితే సరే అన్నాడు.

మర్నాడు అయిదింటికి లేచాం. గడ్డి మీద మంచు గట్టిపడి చెప్పుల కింద కరకరలాడుతోంది. గంగాబల్ నుంచి దిగే వాగు నుంద్‌కోల్‌లో కలిసే చోట నిలబడ్డాం. కొట్టుకొచ్చే పురుగుల కోసం చేపలు అక్కడే కాపు కాస్తాయని గుర్రపాయన చూపించాడు. ఈ గాలంలో బరువు ఎర దగ్గర ఉండదు, దారంలోనే ఉంటుంది. దారాన్ని వెనక్కి పూర్తిగా సాగనిచ్చి అప్పుడు ముందుకి వెయ్యాలి. బావకి ఆ ఆగడం అలవాటవడానికి అరగంట పట్టింది. తర్వాత ఎర నీళ్ళని తాకిన చోట చిన్న సుడి లేచింది, కర్ర వంగింది.

జానెడున్నర ఉంటుంది. పొట్ట వెన్న రంగు, పక్కల నల్ల చుక్కలు, వాటి మధ్య అక్కడక్కడా కుంకుమ బొట్ల లాంటి ఎర్ర చుక్కలు, ఒక్కోదాని చుట్టూ పాలిపోయిన అంచు. పట్టుకోబోతుంటే బావ నా చెయ్యి ఆపి, "చెయ్యి తడుపుకోరా, పొడి చెయ్యి తగిలితే జిగురు ఊడిపోతుంది, చేపకి జిగురే చొక్కా" అన్నాడు. గుర్రపాయనకి తెలుగు రాదు. అయినా చెప్పకముందే చేతులు నీళ్ళలో ముంచుతున్నాడు. నిజానికి ఇది ఇక్కడి చేప కాదు. 1900 ప్రాంతంలో దొరలు గుడ్లుగా స్కాట్లాండ్ నుంచి తెప్పించి, శ్రీనగర్ దగ్గర హార్వన్‌లో పెంచి వాగుల్లోకి వదిలారు. వెచ్చటి నీళ్ళలో బతకదు, కొల్లేటికి తేలేం. ఎనిమిదింటి లోపు నాలుగు పడ్డాయి, రెండు వదిలేశాం. మిగిలిన వాటిని ఉప్పు, కారం రాసి నూనెలో వేయించాం. ముల్లు తక్కువ, కండ తియ్యగా ఉంది. బావ మాత్రం "కొర్రమీను కాదు గానీ..." అని సగంలో ఆపి ఇంకో ముక్క తీసుకున్నాడు.

గంగాబల్ అరగంట పైన ఉంది. రెండున్నర కిలోమీటర్ల పొడవు, చూడ్డానికి నుంద్‌కోల్ కంటే చాలా పెద్దది. కాశ్మీరీ పండితులు అస్థికలు కలిపే చోటు అది. గాలం సంచి భుజాన ఉన్నా బావ విప్పలేదు, "ఇక్కడొద్దురా" అన్నాడు. నాకూ వెయ్యబుద్ధి కాలేదు. గుడారాలు కూడా నుంద్‌కోల్ ఒడ్డునే నయం, గాలి తక్కువ. కాకపోతే ఆ ఒడ్డున బిస్కెట్ కవర్లు, ఖాళీ సీసాలు మేమే ఒక బస్తా ఏరాం. ముందొచ్చిన వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారని ఒక కారప్పూస కవరు మీది తెలుగు అక్షరాలు చెప్పాయి.

దిగేటప్పుడు మోకాళ్ళు ఏడ్చాయి. కర్ర లేకుండా వెళ్ళకండి.

శ్రీనగర్‌లో చివరి రాత్రి హోటల్లో ట్రౌట్ తెప్పించుకున్నాం. పెంపకపు చేప, రెయిన్‌బో రకం. పైన నిమ్మచెక్క పెట్టి అందంగా తెచ్చారు. బావ స్పూనుతో దాన్ని అటూ ఇటూ తిప్పి, కింది వైపు కూడా చూసి, "బొట్లేవిరా దీనికి?" అని సర్వరు వైపు తిరిగాడు.