మెకాంగ్ వంతెన: బస్సులో వెళ్లి మోసపోయాం, రైల్లో వచ్చి మురిసిపోయాం

థాయిలాండ్ సరిహద్దు ఊరు నోంగ్ ఖాయ్‌లో, లావోస్ వెళ్దామని టుక్‌టుక్ (అక్కడి ఆటో) ఎక్కబోయేవారికి ముందే ఒక మాట. "వీసా" అన్న పదం నోటి నుంచి రానివ్వకండి. ఫోనులో మ్యాపు తీసి, వంతెన దగ్గరి ఇమిగ్రేషన్ గేటు వేలితో చూపించి, నోరు మూసుకుని కూర్చోండి. మేము నోరు తెరిచాం. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

వెళ్లింది ముగ్గురం: నేను, మా ఆవిడ, మా బావమరిది. వాళ్లిద్దరికీ బ్యాంకాక్ చాలు. ముప్పై రెండేళ్లు గూడ్సు గార్డుగా చేసినవాణ్ని కనుక నాకు మాత్రం ఈ వంతెన కావాలి. థాయిలాండ్, లావోస్ మధ్య మెకాంగ్ మీద ఉన్న స్నేహ వంతెనల్లో రైలు దాటేది ఈ మొదటిదాని మీదే. ఆస్ట్రేలియా ఇచ్చిన డబ్బుతో కట్టారు. 1994 ఏప్రిల్‌లో తెరిచారు, రైలు మాత్రం 2009లో మొదలైంది. పొడవు 1,170 మీటర్లు, అంటే మన రాజమండ్రి రోడ్డు-రైలు వంతెనలో సగం కూడా లేదు. కానీ అక్కడ రోడ్డు పైన, రైలు కింద. ఒకదాని జోలికి ఒకటి రాదు. ఇక్కడ రోడ్డుకు నట్టనడుమ ఒకే ఒక మీటర్ గేజ్ లైను. రైలొస్తే వాహనాలన్నీ ఆగిపోవాలి.

బ్యాంకాక్ నుంచి రాత్రి రైల్లో వచ్చి, సలా కెయోకు అనే పార్కులోని శిల్పాలు చూద్దామని నోంగ్ ఖాయ్‌లో దిగాం. నది ఒడ్డున గది 700 బాత్‌లు (థాయ్ డబ్బు), శుభ్రంగా ఉంది. మర్నాడు పొద్దున వంతెనకు బయలుదేరాం. టుక్‌టుక్ అతను, ఆకుపచ్చ చొక్కా, 150 అడిగాడు. మా బావమరిది 80కి దించాడు. అతను మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. "చూశావా బావా, బేరం అంటే ఇలా ఉండాలి" అన్నాడు మావాడు. ఆ క్షణంలోనే అనుమానం రావాల్సింది.

బండి వంతెనకు కొద్ది దూరంలో ఒక దుకాణం ముందు ఆగింది. లోపల బల్ల, ఫ్యాను, గోడ మీద లావోస్ జెండా. చూస్తే సర్కారు ఆఫీసే అనిపిస్తుంది. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కాలో ఒకతను మా పాస్‌పోర్టులు తీసుకుని, ఫారాలు నింపి, మనిషికి 2,200 బాత్‌లు అన్నాడు. మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. నేను పట్టించుకోలేదు. మొత్తం 6,600 లెక్కపెట్టి ఇచ్చాం.

అతను మాతోపాటే బస్సెక్కి వంతెన దాటాడు. లావోస్ వైపు వీసా కిటికీ దగ్గర మా కళ్లెదుటే జేబులోంచి డాలర్లు తీశాడు. ఇరవై డాలర్ల కాగితాలు ఆరు. ఒక్కొక్కటి వేలితో సాపు చేసి లోపలికి తోశాడు. ఆరిరవైలు నూట ఇరవై, అంటే మనిషికి 40. పక్కనే వీపున మూట వేసుకున్న తెల్ల కుర్రాడు అదే ఫారం తనే నింపుకుని, రెండు ఇరవైలిచ్చి, మాకంటే ముందే వెళ్లిపోయాడు. నూట ఇరవై డాలర్లంటే దాదాపు 3,960 బాత్‌లు. మిగిలిన 2,640, అంటే మన డబ్బులో ఏడువేల రూపాయలు, ఆ ఇస్త్రీ చొక్కాకు, ఆకుపచ్చ చొక్కాకు. 80కి ఎందుకు ఒప్పుకున్నాడో అప్పుడు తెలిసింది. అంతకుముందు బస్సులో దేశం దాటాం, కింద మెకాంగ్ ఉంది. నేను ఒక్కసారి కూడా కిటికీలోంచి చూడలేదు. మా ఆవిడ ఆ సాయంత్రం దాకా మాట్లాడలేదు. గిల్లినచోట మాత్రం ఇంకోసారి గిల్లింది.

కాబట్టి ఇండియా నుంచే నలగని డాలర్లు, రెండు ఫొటోలు తెచ్చుకోండి. ఫారం ఆ కిటికీ దగ్గరే ఉచితంగా ఇస్తారు.

లావోస్ రాజధాని వియంటియాన్‌లో రెండు రోజులు హాయిగా గడిచాయి. 14వ నంబరు బస్సెక్కి బుద్ధ పార్కు చూశాం. అక్కడా, నోంగ్ ఖాయ్‌లోనూ శిల్పాలు చేయించింది ఒకే మనిషి. 1975లో లావోస్‌లో కమ్యూనిస్టులు అధికారంలోకి రాగానే నది దాటి నోంగ్ ఖాయ్ వచ్చి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడట. మా ఆవిడ నోరు విప్పింది పార్కు బయట, ఒక పెద్దామె పచ్చి బొప్పాయి కోరు, మిరపకాయలు, నిమ్మరసం మట్టి రోట్లో వేసి దంచుతుంటే. చేపల సాసు వద్దని సైగలతో చెప్పి తిన్నది. కళ్ల వెంట నీళ్లు. "ఇన్నాళ్లకు కారం దొరికిందండీ" అంది.

తిరుగు ప్రయాణం రైల్లో. 2024 జులై నుంచి వియంటియాన్ నుంచి బ్యాంకాక్‌కు నేరుగా రైలుంది, సాయంత్రం 6.25కి. ఏసీ బెర్తు కిందిది 874, పైది 784. రెండు కిందివి, ఒక పైది కలిపి 2,532 బాత్‌లు. ఆ దుకాణంవాడు మింగినదానికంటే తక్కువ!

ఏసీ పెట్టె అద్దం తెరుచుకోదు. నేను ఫ్యాను పెట్టెలోకి వెళ్లి తెరిచిన కిటికీ దగ్గర నిలబడ్డాను. పట్టాలు రోడ్డులో కూరుకుపోయి ఉంటాయి గనుక మామూలు వంతెన మీది డబడబ లేదు, చక్రాల కింద ఏదో ముతక గొణుగుడు. ఇటు అటు ఖాళీ రోడ్డు. దీపస్తంభాలకు లావోస్ జెండాలు, నది నడుమకు వచ్చేసరికి థాయ్ జెండాలు. అవతలి కొసన కార్లు, లారీలు, మూడు రోజుల కిందట మేమెక్కిన లాంటి బస్సు ఒకటి, అన్నీ మా కోసం ఆగి ఉన్నాయి. అలవాటు చొప్పున వాటికేసి చెయ్యి ఊపాను.

నోంగ్ ఖాయ్‌లో అందరూ సామానుతో దిగి, ముద్ర వేయించుకుని, మళ్లీ ఎక్కాలి. స్టేషను బయట టుక్‌టుక్‌లు వరసగా ఉన్నాయి. మా బావమరిది ప్లాట్‌ఫారం చివర దాకా వెళ్లి, ఒక్కో చొక్కా చూసుకుంటూ వచ్చాడు. ఆకుపచ్చది కనబడలేదట.